ఎడమ తొడ దగ్గరి కుట్టు

కంగెక్,
మే నెలాఖరు.

చిరంజీవి ఎలియాసర్‌కు నానమ్మ బెనిగ్నా రాస్తున్నది.

నువ్వు బయలుదేరిన మర్నాడే గాలి దక్షిణానికి తిరిగింది. సెర్మిలిక్ చేరావో లేదో ఇంతవరకు కబురు లేదు. చేరానని ఒక్క వాక్యం రాయడానికి ఎంత సిరా అవుతుంది? మీ తాతా ఇంతే. సీళ్ళతో మాట్లాడినన్ని మాటలు మనుషులతో మాట్లాడేవాడు కాదు. ఆయన సముద్రంలో పోయిన ఏడాదే నువ్వు పుట్టావు కనుక ఆ పేరు నీకు వచ్చింది, పేరుతో పాటు ఈ గుణమూ వచ్చింది. పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచి నిన్ను "మా ఆయన" అని పిలుస్తున్నదాన్ని, నాకు ఇది కొత్త కాదు. కానీ ఇప్పుడు సలోమె నీ పెళ్ళాం, నువ్వు ఉంటున్నది మామగారి ఇంట్లో. వాళ్ళ ముందు నా పెంపకానికి మాట రానివ్వకు.

నీ కయాక్ పడవకు కప్పిన కొత్త సీలుతోలు సంగతి. ఒడ్డుకు రాగానే కయాక్‌ను భుజానికెత్తుకుని తీసుకురా, రాళ్ళ మీద ఈడ్చకు. ఎత్తు కొయ్యల మీద బోర్లించు. నక్కలకు అది పడవ కాదు, భోజనం. కుట్ల మీద పాత కొవ్వు రుద్దడం మానవద్దు. నీ మామ తోబియాస్ పెద్ద వేటగాడే, కాదనను, కానీ కుట్ల విషయంలో ఆయన సలహా అక్కర్లేదు.

కుట్టిన రోజు నువ్వు గుడిసె బయట కొయ్యలు చెక్కుతూ కూర్చున్నావు కనుక లోపలి మాటలు వినలేదు. తోళ్ళు తడి ఆరకముందే పని ముగియాలని నేను ఎవరినీ లేవనివ్వలేదు. పక్కింటి రెజీనా నా దగ్గరే కూర్చుని సూదులు అందించింది. దానికి అదొక సరదా. టపా తెచ్చే గిడియన్ కాఫీ కోసం గుమ్మంలో తచ్చాడుతూ, "బెనిగ్నా పెద్దమ్మ కుట్టిన కయాక్‌లో నీళ్ళు పోసి దాచుకోవచ్చు, చలికాలం దాకా చుక్క కారదు" అన్నాడు. పొగిడితే రెండో కప్పు వస్తుందని వాడి ఆశ. వచ్చింది కూడా.

చేతి తొడుగులు కొత్తవి పెట్టాను. ఎప్పటిలాగే ఒక్కోదానికి రెండు బొటనవేళ్ళు. తెడ్డు వేసి వేసి ఒక వైపు అరిగాక తిప్పి తొడుక్కో. పూర్తిగా అరిగాకే నాకు పంపు, ముందుగా పంపితే బాగుచెయ్యను.

ఈ ఏడాది ఒక్క కయాక్‌కే నడుం పడిపోయింది. ఒకప్పుడు వసంతంలో వరసగా ఎన్ని కుట్టేదాన్నో. అలిసిపోయాను అని రాయడం నాకు ఇష్టం లేదు గాని, వేరే మాట దొరకలేదు.

నీ నానమ్మ,
బెనిగ్నా.


సెర్మిలిక్,
జూన్.

నానమ్మకు ఎలియాసర్ నమస్కారాలు.

చేరాను. ముందుగా ఆ ఒక్క వాక్యం, నువ్వు కోప్పడకుండా.

దారిలో అలలు గట్టిగానే ఉన్నాయి, ఒళ్ళంతా తడిసింది గాని కూర్చున్న చోట చుక్క నీరు లేదు. మావయ్య కయాక్ పొట్ట మీద వేళ్ళతో కొట్టి చూశాడు. డోలులా మోగింది. "ఇంత బిగించి కుట్టిన ఆవిడ నిన్నెలా పెంచిందిరా, ఇంత వదులుగా ఉన్నావు" అన్నాడు. సలోమె నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో ప్రేమ అంతా ఇలాగే ఉంటుంది, నాకు అలవాటవుతోంది.

బయటి దీవుల దగ్గర పెద్ద సీలు ఒకటి దొరికింది. ముక్కు మీద తిత్తి ఉబ్బించుకుని మీదికి వచ్చే రకం. బల్లెం సరిగ్గా దిగింది. బల్లేనికి కట్టిన తాడు చివరి గాలి నింపిన తోలుతిత్తిని పొద్దుగూకేదాకా లాగి అది అలిసింది, నేనూ అలిశాను. మాంసం ఊరంతా పంచాం. నీ వాటా ఎండబెట్టిన పక్కటెముకలు ఆడవాళ్ళ పడవలో, వాళ్ళు తెడ్లు వేసే ఆ పెద్ద సామాన్ల పడవలో, పంపుతున్నాను.

సలోమె నెల తప్పింది. నీకు నేనే చెప్పాలంది, అందుకని రాస్తున్నాను.

నీ మనవడు, నీ మాట ప్రకారం మీ ఆయన,
ఎలియాసర్.


కంగెక్,
జూలై.

చిరంజీవి ఎలియాసర్‌కు.

పక్కటెముకలు అందాయి. రెండు చోట్ల బాగా ఎండలేదు, సలోమెకు చెప్పు. చెప్పేటప్పుడు మెల్లగా చెప్పు, ఒట్టి మనిషి కాదు. నేను మంత్రసానిగా ఈ తీరమంతా తిరిగినదాన్ని, ఈ మాట ఊరికే అనడం లేదు. బరువులు ఎత్తనివ్వకు, పస్తు ఉంచకు. ఇప్పటి నుంచి నువ్వు తెచ్చే మాంసం మీదే ఆ ఇంట్లో రెండు ప్రాణాలు పెరగాలి. నీ మామ వేట ఎల్లకాలం ఉండదు. ఆయనకూ వయసు మీరింది.

ఇక్కడ చిన్నచేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పిల్లలూ పెద్దలూ బుట్టలతో తోడుతున్నారు. బండలన్నీ వెండిలా మెరుస్తున్నాయి, వాసన మాత్రం వెండిది కాదు. గిడియన్ తన కయాక్‌కు తోళ్ళు తెచ్చి ఇచ్చాడు, శరత్కాలం లోపల కుట్టమని. ఇంకో ఇద్దరు అడిగారు. ఒప్పుకున్నాను. నడుం ఏమంటుందో దాన్ని అడగలేదు.

నువ్వు పెద్ద సీలు చంపావన్నావు. మరి నా చెప్పుల అడుగులకు తోలు ఏది? మరిచిపోతే గుర్తుచేస్తున్నాను. లేకపోతే లేదని రాయి. వేసవిలో గాలి పడిపోయిన రోజులు ఎక్కువ, వేట పలచబడుతుంది, అది నాకు తెలుసు. దాచాల్సినది ఏమీ లేదు.

బెనిగ్నా.


సెర్మిలిక్,
ఆగస్టు.

నానమ్మకు.

ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కయాక్‌లోకి నీళ్ళు వస్తున్నాయి. ఎడమ తొడ దగ్గర, రెండు తోళ్ళు కలిసిన కుట్టు. తెడ్డు వేస్తున్నప్పుడు కాదు, దూరం పోయి, గాలి లేనప్పుడు, చాలాసేపు కదలకుండా కూర్చున్నాక వస్తున్నాయి. పోయిన వారం బయటి దీవుల దగ్గర నీళ్ళు బాగా ఎక్కి, వేట వదిలేసి తిరిగి వచ్చాను. అప్పటి నుంచి దూరం పోలేదు.

మావయ్య, "కుట్టినావిడకు రాయి, తెలియాలి కదా" అన్నాడు. అందుకని రాస్తున్నాను. ఇది నిన్ను తప్పుపట్టడానికి కాదు. తోలులోనే ఏదైనా లోపం ఉండవచ్చు.

సలోమె బాగుంది. తోలు పంపలేకపోయాను, క్షమించు.

ఎలియాసర్.


కంగెక్,
ఆగస్టు చివర.

ఎలియాసర్‌కు.

ఉత్తరం తెచ్చినవాడికి కాఫీ పోసి, అతని ముందే పైకి చదవడం మన ఇళ్ళలో మర్యాద. నీ ఉత్తరం గిడియన్ తెచ్చాడు. అతని బావమరిదీ ఉన్నాడు. టపా కయాక్‌లు ఎప్పుడూ రెండు కలిసే వస్తాయి గదా. రెజీనా చేపలు ఎండబెట్టడం వదిలి వచ్చి కూర్చుంది. నేను పైకి చదివాను. ఎడమ తొడ దగ్గరి కుట్టు దాకా గొంతు ఆగలేదు, అప్పటికే ఆ మాట గదిలోకి వచ్చేసింది. మిగతా వాక్యాలూ అదే గొంతుతో పూర్తి చేశాను. గిడియన్ కప్పు అడుగున ఏముందో చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు వచ్చి, "పెద్దమ్మా, మీకు చేతినిండా పని ఉంది గదా, నా తోళ్ళు రెజీనా కుడుతుందంటోంది" అన్నాడు. పాపం, అబద్ధం ఆడటం వాడికి చేతకాదు, చెవులు ఎర్రబడ్డాయి. తోళ్ళు తీసుకుపొమ్మన్నాను. మిగతా ఇద్దరూ అడగకముందే వాళ్ళవి నేనే పంపేశాను.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి. వసంతంలో రెజీనా సరదాకి సూదులు అందించలేదు. సూది బెజ్జం నాకు కనబడటం లేదు. నరం దారం అదే ఎక్కించింది. కానీ కుట్టింది నేనే. సూది తోలు మందంలో సగం దాకా దిగి పక్కకు తిరగాలి, అవతలికి పొడుచుకుపోకూడదు. అది కళ్ళతో చేసే పని కాదు, వేలి కొసతో చేసే పని. నా వేలికి తెలుసని అనుకున్నాను. ఎక్కడో ఒక పోటు అవతలికి దిగి ఉంటుంది. ఒక్క పోటు చాలు.

ఆ కుట్టు నాకు చూడాలి. పై కుట్టు కోసి, తోలు మొత్తం చట్రపు కొయ్యల నుంచి ఒలిచి, మడిచి, ఆడవాళ్ళ పడవలో పంపు. ఏ పోటు తప్పిందో నా వేలితో చూసుకోవాలి. చూశాక సూదులపెట్టె రెజీనాకు ఇచ్చేస్తాను. నా కుట్టును నమ్మి నువ్వు మునిగిపోయి ఉంటే, ఇప్పుడు ఈ ఉత్తరం ఎవరికి రాసి ఉండేదాన్ని? రాత్రిళ్ళు అదే ఆలోచన.

అంతవరకు ఆ కయాక్‌లో కాలు పెట్టవద్దు. ఇది నానమ్మ మాట.

బెనిగ్నా.


సెర్మిలిక్,
సెప్టెంబరు.

నానమ్మకు.

తోలు పంపనక్కర్లేదు. కుట్టు మీద కొవ్వు బాగా పట్టించాను, ఇప్పుడు ఫరవాలేదు. తోలు ఒలిస్తే ఈ శరత్కాలం వేట ఎలాగ? సీళ్ళు గుంపులుగా వచ్చే కాలం ఇది. సూదులపెట్టె ఎవరికీ ఇవ్వవద్దు. ఒక్క కుట్టుకు అంత పెద్ద మాటలెందుకు?

నువ్వు పైకి చదువుతావని నాకు గుర్తుండవలసింది.

ఇక్కడ కాడ్ చేపలు బాగా పడుతున్నాయి. ఒడ్డున ఉండి గాలం వేసినా వస్తున్నాయి. సలోమెకు చేపల పులుసు ఇష్టమైంది ఈ మధ్య.

ఎలియాసర్.


కంగెక్,
సెప్టెంబరు చివర.

ఎలియాసర్‌కు. ఈ ఉత్తరం ఎవరి ముందూ చదవకు.

తోలు వచ్చింది. నువ్వు పంపలేదు, సలోమె పంపింది. నువ్వు గాలం వేయడానికి బండల మీదికి వెళ్ళినప్పుడు ఒలిచి మడిచిందట. ఆడవాళ్ళ పడవ నడిపే ముసలామెతో, "నానమ్మగారినే చూడమనండి, ఈయన నాతో ఏమీ చెప్పడం లేదు" అని చెప్పి పంపింది. దాన్ని తిట్టకు. తిడితే నాకు తెలుస్తుంది.

మొదట ఎడమ తొడ దగ్గరి కుట్టు మీద వేలు నడిపాను. పోటు తర్వాత పోటు. ఒక్కటీ అవతలికి దిగలేదు. నా వేలిని నమ్మలేదు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు ఏదీ నమ్మబుద్ధి కావడం లేదు. చేపలు ఎండబెట్టే కొయ్యలకు తోలును ఉయ్యాలలా కట్టి, సముద్రపు నీళ్ళు బిందెలతో మోసి పోశాను. ఒక్కదాన్నే మోశాను, ఎవరినీ పిలవలేదు. కింద బండ మీద పొడి బూడిద చల్లాను. చుక్క పడితే మచ్చ పడాలి. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా పక్కనే కూర్చున్నాను. బూడిద మీద ఒక్క మచ్చ లేదు. గిడియన్ గుమ్మంలో నిలబడి వేళాకోళానికి అన్న మాట గుర్తొచ్చింది. నవ్వు రాలేదు.

ఇంత కష్టపడి నా కుట్టు మంచిదని తేల్చుకున్నానే, సంతోషం కలగాలి గదా. అది కలగలేదు. కుట్టు కారిందంటే రెజీనా ఒక పూటలో బాగుచేస్తుంది. కారలేదంటే ఎవరు బాగుచేస్తారు?

తోలు మడతలో చేతి తొడుగులు కూడా ఉన్నాయి. అరచేతులు కొంచెమే అరిగాయి. రెండో బొటనవేలు ఒక్కసారి కూడా వాడలేదు. వేళ్ళ కొసలు మాత్రం గాలం తాడు కోసి చిరిగాయి. ఆ పెద్ద సీలు తర్వాత నువ్వు తెడ్డు దాదాపు పట్టలేదు. "ఇప్పుడు ఫరవాలేదు" అని నాకు రాసిన రోజుల్లో కూడా పట్టలేదు.

దూరం పోయి, గాలి లేనప్పుడు, కదలకుండా కూర్చున్నాక వచ్చే నీళ్ళు. నువ్వే రాశావు, నేనే చదివాను, అయినా నా కళ్ళ జబ్బు గురించే ఆలోచించాను. లేని నీళ్ళు ఎక్కుతున్నట్టు అనిపించే ఆ జబ్బును మన తీరంలో కయాక్ బెదురు అంటారు. మగవాళ్ళు ఆ పేరు పైకి అనరు. నేను మంత్రసానిని, ఆడవాళ్ళు నాతో అంటారు.

మీ తాత సంగతి నీకు ఎప్పుడూ ఒకే రకంగా చెప్పాను. పెద్ద సీలు కయాక్‌ను తలకిందులు చేసిందని. ఊరూ అదే చెబుతుంది. ఆ రోజు గాలి లేదు. కయాక్ తలకిందులు కాకుండానే దొరికింది, బల్లెం కట్టులోంచి కదలలేదు, లోపల పొడిగా ఉంది. ఆ ముందు ఏడాది నుంచి ఆయన గాలి ఉన్న రోజే బయలుదేరేవాడు, గాలి లేని రోజు కాలు నొప్పి అనేవాడు. అంతకంటే నాకూ తెలియదు. ఆయన చెప్పలేదు.

ఇప్పుడు వినండి. ఆయనతో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాను. మీరు ఇక ఒంటరిగా సముద్రం మీదికి వెళ్ళవద్దు. కాడ్ చేపలు పట్టండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మీ మామగారికి, ఊరివాళ్ళకు కుట్టు కారిందనే చెప్పండి. ముసలిదానికి కళ్ళు పోయాయి, ఆవిడ కుట్టిన కయాక్‌లో ఎవరు వెళతారు అనండి. నేనూ ఇక్కడ అదే చెబుతాను. నీళ్ళు పోసినప్పుడు రెజీనా ఒక్కతే చూసింది. దాని నోరు నేను మూయించాను. ఊరు నన్ను ఇప్పటికే ఆ మాట అంటోంది, ఇంకొంతకాలం అననివ్వండి. నాకు బరువేమీ కాదు.

ఒకే మనిషిని రెండోసారి సముద్రానికి ఇవ్వడం నా వల్ల కాదు.

బెనిగ్నా.


సెర్మిలిక్,
అక్టోబరు.

నానమ్మా,

నీ ఉత్తరం బండల మీద కూర్చుని చదివాను. తర్వాత చాలాసేపు గాలం వేయలేదు.

జూలై చివర జరిగింది. పెద్ద సీలు తర్వాత నాకు గర్వం పట్టింది, బయటి దీవులు దాటి పోయాను. గాలి మెల్లగా ఆగిపోయింది. సముద్రం నూనె పోసినట్టు అయింది. ఆకాశం ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో గీత లేదు. సీలు తల పైకి వస్తుందని బల్లెం మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఎండ నీళ్ళలోంచి కళ్ళలోకి కొడుతోంది. ముందు కయాక్ ముక్కు పొడుగ్గా, ఎక్కడో దూరంగా ఉన్నట్టు కనబడింది. తర్వాత పాదాలకు చల్లగా తగిలింది. చీలమండలు, పిక్కలు, మోకాళ్ళు. నీళ్ళు ఎక్కుతున్నాయి నానమ్మా, నిజం నీళ్ళు, ఎక్కడి దాకా వచ్చాయో వేలు పెట్టి చూపించగలను. వంగి చూద్దామంటే మెడ తిరగలేదు. తెడ్డు చేతిలోనే ఉంది, వేళ్ళు నావి కావు. కదిలితే మునుగుతానని తెలుసు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నడుం దాకా వచ్చాక ఎక్కడి నుంచో చిన్న గాలి వచ్చి నీళ్ళ మీద గీతలు పడ్డాయి. గీతలు కనబడగానే చేతులు వచ్చాయి.

ఒడ్డుకు చేరి లోపల చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. నాకు అప్పుడే తెలుసు. ఇది నువ్వు తెలుసుకోవాలి. తెలియక రాయలేదు, తెలిసే రాశాను. మావయ్య, "ఉత్తచేతులతో వచ్చావేం" అన్నాడు. "కుట్టు కారుతోంది" అనేశాను. "అయితే రాయి" అని, టపా బయలుదేరే నాడు కాగితం తెచ్చి ముందు పెట్టి, నేను రాస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. నువ్వు పైకి చదువుతావని నాకు గుర్తొచ్చింది. అయినా రాశాను.

నువ్వు చెప్పమన్న అబద్ధం నేను చెప్పలేదు. నీ ఉత్తరం చదివిన పూటే మావయ్యతో మాట్లాడాను. ఆయన దీపం దగ్గర బూటు సరిచేసుకుంటున్నాడు. సలోమె అక్కడే ఉంది, వెళ్ళమనలేదు.

"మావయ్యా, నానమ్మ కుట్టు కారలేదు. నీళ్ళు పోసి చూసింది."

"మరి నీళ్ళన్నావు?"

"కయాక్‌లోకి రాలేదు. నాకు వచ్చాయి."

ఆయన బూటు కింద పెట్టలేదు. అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూనే ఉన్నాడు. తర్వాత అడిగాడు.

"ఎక్కడి దాకా?"

"నడుం దాకా."

"ఊఁ" అని మళ్ళీ బూటు పనిలో పడ్డాడు. ఎక్కడి దాకా అని ఎందుకు అడిగాడో నేను అడగలేదు. సలోమె లేచి నాకు పులుసు పోసింది. మామూలు కంటే ఎక్కువ పోసింది.

మర్నాడు ఊరందరి ముందూ, "మా అల్లుడు నీళ్ళలో తన మొహం చూసుకుని జడుసుకున్నాడు, నేనైతే రోజూ చూస్తున్నాను" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కొంచెం. కాని ఆ రోజు నుంచి గాలి పడిపోతే ఆయనా బయటికి పోవడం లేదు. నడుం నొప్పి అంటున్నాడు.

నానమ్మా, కాడ్ చేపలతో ఇల్లు నడుస్తుంది. కానీ కయాక్ కొయ్యలు ఒట్టి ఎముకల్లా గోడకు ఆనించి ఉంటే, పొద్దున లేవగానే అదే కనబడుతోంది. నన్ను ఒలిచి అక్కడ పెట్టినట్టుంది. తోలు పారేయకు. ఆడవాళ్ళ పడవలో కొయ్యలు వేసుకుని వస్తున్నాను. కుడతావో లేదో నీ ఇష్టం. నీ ఊళ్ళో నీ కుట్టు మంచిదని నా నోటితో చెప్పాలి, అది మాత్రం చెప్పి తీరతాను.

ఎలియాసర్.


కంగెక్,
నవంబరు.

చిరంజీవి ఎలియాసర్‌కు.

నువ్వు ఇప్పుడు బయట గిడియన్‌తో కలిసి కాఫీ తాగుతున్నావు. నవ్వులు వినబడుతున్నాయి. మనిషి గుమ్మం అవతల ఉండగా ఉత్తరం రాయడం ఏమిటంటావు. ఎదురుగా చెప్పడం నాకు చేతకాని మాటలు కొన్ని ఉంటాయి. మంత్రసానిగా ఎన్ని ఇళ్ళలో ఎన్ని చెప్పానో, నా ఇంట్లో నోరు రాదు.

నువ్వు వచ్చిన రోజే ఇంటింటికీ తిరిగి చెప్పావు. వద్దన్నా వినలేదు. రెజీనా, "నేను కళ్ళతో చూసి కూడా ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను అక్కా, నా జన్మలో అంత కష్టం పడలేదు" అంది. మిగతావాళ్ళు నీ వైపు ఎలా చూశారో నేను గమనించాను. కొందరు చూపు తిప్పుకున్నారు, ఇద్దరు పెద్దవాళ్ళు తిప్పుకోలేదు. వాళ్ళ పేర్లు నువ్వూ గుర్తుపెట్టుకునే ఉంటావు.

తోలు ఎలాగూ నానే ఉంది, కుట్టాం. ఈసారి రెజీనా అందరి ముందూ దారం ఎక్కించింది, నేను దాచలేదు. అలిసిపోతే ఆగాను, అదీ దాచలేదు. గిడియన్ తన తోళ్ళు మళ్ళీ తెచ్చాడు. రెజీనా మొదలుపెట్టింది సగంలో ఉంది కనుక ఇద్దరం కలిసి ముగిస్తామన్నాను. పూర్తిగా నాకే ఇస్తే రెజీనా ముఖం చిన్నబోతుంది.

గిడియన్ బావమరిదికి భుజం పోయింది, ఇక తెడ్డు వేయలేడు. టపా ఒక్కడే మోయకూడదని నియమం. నిన్ను అడిగింది నేను కాదు, నా మీద అనుమానం వద్దు. వాడే వచ్చి, "పెద్దమ్మా, మీ ఆయన్ని నాకు తోడు ఇవ్వండి" అన్నాడు. "వాడి సంగతి విన్నావు గదా" అన్నాను. "విన్నాను. నాకూ ఒంటరిగా పోవడం చేతకాదు, నోరు ఊరుకోదు. పక్కన ఎవరూ లేకపోతే పిచ్చెక్కుతుంది" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయో లేదో చూద్దామనుకున్నాను. నా కళ్ళకు ఆనలేదు.

వేటగాడు కావలసినవాడివి టపావాడివి అవుతున్నావు. నాకు బాధ లేదని రాయను. మీ తాత ఉంటే ఏమనేవాడో ఆలోచించాను. ఆయనకు పక్కన ఒక కయాక్ ఉండి ఉంటే, అందులో గిడియన్ లాంటి వాగుడుకాయ ఉండి ఉంటే, అని కూడా ఆలోచించాను. చెయ్యి చాచితే అందేటంత దూరంలోనే ఉండు. గాలి పడిపోతే రెండు తెడ్లూ అడ్డంగా కలిపి పట్టుకుని కూర్చోండి. సిగ్గు పడవద్దు, మీ ఇద్దరినీ చూసేందుకు అక్కడ ఎవరూ ఉండరు.

సూదులపెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. సలోమె కనే బిడ్డకు ఏ పేరు పెడతారో మీ ఇష్టం. ఈ మధ్య పోయినవాళ్ళ పేరు ఏదైనా పెట్టండి. నా పేరు కోసం మాత్రం ఎదురుచూడవద్దు, నేను ఇంకా ఉన్నాను.

ఈ కాగితం గిడియన్ సంచిలో వేయడం లేదు. తడవకుండా టపాకు చుట్టినట్టు దీనికి తోలు చుట్టడం లేదు. మడిచి, నీ కయాక్‌లో నీ ఎడమ తొడ పక్కన, కుట్టుకు ఆనించి, కొయ్య సందున పెడుతున్నాను. దారిలో నీకు నీళ్ళు ఎక్కుతున్నట్టు అనిపించవచ్చు. ఇల్లు చేరి కయాక్ బోర్లించేటప్పుడు ఇది దొరుకుతుంది. నా సిరా ఎంత పలచనో నీకు తెలుసు, ఒక్క చుక్క తగిలినా అక్షరాలు నిలవవు.

చదవగలిగితే ఒక్క వాక్యం రాయి.

బెనిగ్నా.


సెర్మిలిక్,
నవంబరు.

నానమ్మా,

బయటి దీవుల దగ్గర గాలి పడిపోయింది, గిడియన్ మాట్లాడుతూనే ఉన్నాడు, నడుం దాకా వచ్చాయి. నీ ఉత్తరం మొత్తం చదివాను, ఒక్క అక్షరం చెరగలేదు.

చేరాను.

మీ ఆయన.